బడి తలుపు తట్టిన బాలుడు

రోగం శరీరాన్ని కృశింపజేస్తుంది. రోగాన్ని గురించిన అజ్ఞానం మనిషిని మనిషికి దూరం చేస్తుంది. ఈ రెండింటితోనూ పోరాడవలసివచ్చిన బాలుడు రయాన్ వైట్.

రయాన్ 1971 డిసెంబరు 6న అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో, కొకోమో పట్టణంలో జన్మించాడు. పుట్టుకతోనే అతనికి హీమోఫీలియా ఉంది. ఈ వ్యాధి ఉన్నవారికి గాయమైతే రక్తం సులభంగా గడ్డకట్టదు. అందువల్ల దాతల రక్తం నుండి తయారుచేసిన మందును అతనికి తరచుగా ఎక్కించేవారు. ప్రాణం నిలిపిన ఆ మందు ద్వారానే హెచ్.ఐ.వి. అతని శరీరంలో ప్రవేశించింది. 1984 డిసెంబరులో న్యుమోనియాతో ఆసుపత్రిలో చేరినప్పుడు ఎయిడ్స్ సోకినట్లు తెలిసింది. అప్పటికి అతని వయస్సు 13 ఏళ్ళు. ఆరు నెలలకు మించి బ్రతకడని వైద్యులు భావించారు.

కొంత కోలుకోగానే రయాన్ తోటి పిల్లలతో కలిసి బడికి వెళ్ళాలని కోరుకున్నాడు. 1985లో పాఠశాల అధికారులు అందుకు నిరాకరించారు. వందమందికి పైగా తల్లిదండ్రులు, 50 మంది ఉపాధ్యాయులు అతణ్ణి రానీయవద్దని విజ్ఞాపన సమర్పించారు. కలిసి కూర్చున్నంత మాత్రాన ఎయిడ్స్ సోకదని వైద్యులు చెప్పినా జనం నమ్మలేదు. రయాన్ ఇంట్లోనే ఉండి టెలిఫోను ద్వారా పాఠాలు విన్నాడు. అతడు ఇంటింటికీ వార్తాపత్రికలు వేసేవాడు. కాగితం ద్వారా కూడా రోగం వస్తుందేమోనని కొందరు పత్రికనే మానుకున్నారు.

తల్లి జీన్ న్యాయస్థానాన్ని ఆశ్రయించింది. 1986 ఫిబ్రవరి 21న రయాన్ బడిలో అడుగుపెట్టాడు. కాని, కొందరు తల్లిదండ్రులు కోర్టు ఉత్తర్వు తెచ్చి ఆనాడే అతణ్ణి ఆపించారు. ఏప్రిల్ 10న ఆ ఉత్తర్వు తొలగిపోయింది. అతనికి వేరే మరుగుదొడ్డి, వాడి పారవేసే పళ్ళాలు, చెంచాలు కేటాయించారు. వ్యాయామ తరగతికి దూరంగా ఉంచారు. ఇతరుల భయం పోగొట్టడానికి అతడు వీటన్నింటికీ అంగీకరించాడు. అయినా భయం పోలేదు. ఒకనాడు వారి ఇంటి కిటికీలోనుండి తుపాకిగుండు దూసుకువచ్చింది. ఆ కుటుంబం ఊరు విడిచింది.

1987లో వారు అదే రాష్ట్రంలోని సిసెరో చేరారు. రయాన్ రాకముందే అక్కడి పాఠశాలలో ఎయిడ్స్‌ను గురించి విద్యార్థులకు బోధించారు. పిల్లలు తాము నేర్చినది ఇంటివద్ద తల్లిదండ్రులకు చెప్పారు. ఆగస్టు 31న ప్రధానోపాధ్యాయుడు, కొందరు విద్యార్థులు ఎదురువచ్చి రయాన్‌తో కరచాలనం చేశారు. బాలుడు అతడే, వ్యాధీ అదే. మారినదల్లా చుట్టూ ఉన్నవారి అవగాహన. 1988లో అమెరికా అధ్యక్షుడు నియమించిన సంఘం ఎదుట రయాన్ ఈ రెండు ఊళ్ళ అనుభవాలనూ వివరించాడు.

ఆరు నెలలే బ్రతుకుతాడనుకున్న బాలుడు అయిదేళ్ళకు పైగా జీవించాడు. 1990 ఏప్రిల్ 8న, ఉన్నత పాఠశాల చదువు ముగియడానికి కొద్ది వారాల ముందు, 18 ఏళ్ళ వయస్సులో కన్నుమూశాడు. అదే సంవత్సరం ఆగస్టులో పేద హెచ్.ఐ.వి. బాధితుల చికిత్సకై అమెరికా ప్రభుత్వం అతని పేరుతో చట్టం చేసింది.

నేడు క్రమం తప్పక మందులు వాడితే హెచ్.ఐ.వి. ఉన్న పిల్లలు చదువుకొని పెద్దవారై అందరిలా జీవించగలరు. ఆ మందులు వైద్యులు ఇస్తారు. తరగతి గదిలో పక్కన చోటు ఇవ్వవలసినది మాత్రం తోటి విద్యార్థులే.