సెలవు దొరకని కెప్టెన్ జైపాల్ సింగ్ ముండా

మన హాస్టల్లో ఏటా ఒక వాదన జరుగుతుంది. చిన్న తరగతుల్లో బాగా ఆడే తమ్ముడు ఒకడు బయటపడతాడు. జోనల్ పోటీలకు ఎంపికవుతాడు. ఆ రాత్రి భోజనాల దగ్గర మొదలైన చర్చ లైట్లు ఆర్పే దాకా సాగుతుంది. వీణ్ణి వెంటనే ఆటల వైపు పంపాలని ఒక వర్గం అంటుంది. ముందు పదో తరగతి గట్టెక్కనివ్వండి అని ఇంకో వర్గం అంటుంది. నిరుడే పై స్థాయికి వెళ్ళవలసింది, ఇప్పటికే ఆలస్యమైందని ఒకరు, పెద్దవాళ్ళ మధ్య ఆడితే బెదిరిపోతాడని మరొకరు. ఆ తమ్ముడు మాత్రం కంచం కడుక్కుని మూల కూర్చుని అన్నీ వింటూ ఉంటాడు. వాణ్ణి అడిగేవాళ్ళు ఉండరు.

మేమూ ఈ వాదనలో రెండు పక్షాల్లోనూ నిలబడిన వాళ్ళమే. హాస్టల్లో ఉన్నప్పుడు ఆట పక్షం వహించాం. ఉద్యోగాల్లో స్థిరపడ్డాక చదువు పక్షం వహిస్తున్నాం. అందుకే ఈ వార్షికోత్సవ సంచికలో ఒక మహనీయుని జీవితం రాయాలనుకున్నప్పుడు మాకు జైపాల్ సింగ్ ముండా గుర్తుకు వచ్చారు. ఒలింపిక్స్‌లో భారత హాకీ జట్టుకు మొట్టమొదటి కెప్టెన్ ఆయన. చదువా, ఆటా అన్న ప్రశ్న ఆయన ముందు నిలిచినంత గట్టిగా మరెవరి ముందూ నిలిచి ఉండదు.

ఆయన 1903 జనవరి 3వ తేదీన ఖూంటీ ప్రాంతంలోని టక్రా అనే ముండా గిరిజన గ్రామంలో పుట్టారు. అది అప్పటి రాంచీ జిల్లా, ఇప్పటి జార్ఖండ్ రాష్ట్రం. బిర్సా ముండా రాంచీ జైలులో మరణించి అప్పటికి మూడేళ్ళు కూడా కాలేదు. జైపాల్ చిన్ననాటి పేరు ప్రమోద్ పాహన్. మన ఊళ్ళ పిల్లల్లాగే ఆయనా పశువులు కాశారు. తరువాత రాంచీలో మిషనరీలు నడిపే సెయింట్ పాల్స్ పాఠశాలలో చేరారు. చదువులోనూ ఆటలోనూ ముందుండే ఆ పిల్లవాడిని ప్రధానోపాధ్యాయుడు కాస్‌గ్రేవ్ దొర గమనించారు. తాను స్వదేశం వెళ్తూ 1918లో ఆ కుర్రవాణ్ణి కూడా ఇంగ్లండుకు తీసుకువెళ్ళారు. పశువులు కాసిన పిల్లవాడు పదిహేనేళ్ళ వయసులో సముద్రం దాటాడు.

1922లో ఆయన ఆక్స్‌ఫర్డ్‌లోని సెయింట్ జాన్స్ కళాశాలలో చేరారు. 1926లో అర్థశాస్త్రంలో ఆనర్స్ పట్టా పుచ్చుకున్నారు. అదే సమయంలో హాకీలో పేరు తెచ్చుకున్నారు. గోల్‌కు ముందు నిలబడి ఎదుటివారి దాడిని ఆపే ఫుల్ బ్యాక్ స్థానం ఆయనది. ఆ స్థానంలో ఆడేవాడికి చప్పట్లు తక్కువ. గోల్ కొట్టినవాణ్ణి అందరూ భుజాల మీద ఎత్తుకుంటారు. గోల్ పడకుండా ఆపినవాడు మట్టి దులుపుకుని నడిచి వస్తాడు. అయినా ఆ ఆటతోనే ఆయన ఆక్స్‌ఫర్డ్ బ్లూ అనే గౌరవం పొందారు. విశ్వవిద్యాలయం తరఫున కేంబ్రిడ్జిపై ఆడినవారికి దక్కే గౌరవం అది. హాకీలో దాన్ని పొందిన మొదటి భారతీయుడు ఆయనే.

ఆ తరువాత ఐ.సి.ఎస్.కు ఎంపికయ్యారు. నేటి తమ్ముళ్ళకు ఆ మాట బరువు తెలియకపోవచ్చు. ఈనాటి ఐ.ఎ.ఎస్.కు ముందున్నది ఐ.సి.ఎస్. దేశం మొత్తాన్ని ఆ కొద్దిమంది అధికారులే నడిపించేవారు. జిల్లా కలెక్టరు కుర్చీ వారిది. ముండా గ్రామం నుంచి వచ్చిన కుర్రవాడికి ఆ కుర్చీ అందే దూరానికి వచ్చింది. ఇంగ్లండులో శిక్షణ పూర్తి చేసుకుని వస్తే చాలు.

సరిగ్గా అప్పుడే ఆట పిలిచింది. 1928లో ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌కు భారతదేశం మొదటిసారిగా హాకీ జట్టును పంపింది. బొంబాయిలో ఓడ ఎక్కిన జట్టును సాగనంపడానికి వచ్చినవారు ముగ్గురే. ఆ జట్టులో సైన్యంలో సిపాయిగా చేరి ఆట నేర్చుకున్న ధ్యాన్‌చంద్ అనే యువకుడు కూడా ఉన్నాడు. ఇంగ్లండులోనే ఉన్న జైపాల్‌ను కెప్టెన్‌గా ఉండమన్నారు. ఆయన శిక్షణ నుంచి సెలవు కోరారు. సెలవు ఇవ్వలేదు. సెలవు లేకుండానే ఆయన ఆమ్‌స్టర్‌డామ్ వెళ్ళిపోయారు.

భారత జట్టు ఆస్ట్రియాను 6-0తో, బెల్జియంను 9-0తో, డెన్మార్క్‌ను 5-0తో, స్విట్జర్లాండ్‌ను 6-0తో ఓడించింది. మే 26న జరిగిన ఫైనల్లో ఆతిథ్య దేశమైన హాలెండ్‌పై 3-0తో గెలిచింది. మొత్తం కొట్టిన గోల్స్ 29. వాటిలో ధ్యాన్‌చంద్‌వి 14. మన గోల్‌లో పడినవి సున్నా. ఒలింపిక్ హాకీలో భారతదేశానికి అదే మొదటి బంగారు పతకం.

అయితే ఆ ఫైనల్లో కెప్టెన్ జైపాల్ ఆడలేదు. అంతకు ముందే ఆయన జట్టును విడిచి వెళ్ళారు. ఫైనల్లో ఎరిక్ పిన్నిగర్ నాయకత్వం వహించారు. జట్టు మేనేజరుతో జైపాల్‌కు పడలేదని కొందరు, జట్టులో ఎక్కువమందిగా ఉన్న ఆంగ్లో ఇండియన్ ఆటగాళ్ళతో పొసగలేదని కొందరు చెబుతారు. ఏ కారణమైనా కెప్టెన్ చివరి దాకా జట్టుతో ఉండవలసిందని అనేవారు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. మహనీయుని జీవితం రాస్తున్నాం కదా అని ఈ సంగతి దాచడం మాకు ఇష్టం లేదు. గోడ మీది పటంలో ఉన్నవారికి కూడా మనలాగే కోపాలూ పంతాలూ ఉంటాయని తమ్ముళ్ళకు తెలియడం మంచిది.

ఇంగ్లండుకు తిరిగి వచ్చాక అసలు పరీక్ష ఎదురైంది. అనుమతి లేకుండా వెళ్ళినందుకు శిక్షణ మరో ఏడాది చేయవలసిందేనన్నారు. దేశానికి పతకం తెచ్చిన జట్టును నడిపినందుకు తనకు దక్కిన ఫలితం ఇదా అని ఆయనకు అనిపించి ఉంటే ఆశ్చర్యం లేదు. ఆయన ఐ.సి.ఎస్.ను వదులుకున్నారు.

ఇక్కడ మళ్ళీ మన భోజనాల దగ్గరి వాదన మొదలవుతుంది. ఒక్క ఏడాది ఓపిక పడితే కలెక్టరు అయ్యేవాడు కదా, తన జాతికి ఎంత మేలు జరిగేది అని ఒక పక్షం. తలవంచి తీసుకున్న కుర్చీలో తల ఎత్తుకుని కూర్చోలేడు అని రెండో పక్షం. ఆయనకు అప్పుడు పాతికేళ్ళు. ఆ రోజు ఎవరైనా తీర్పు చెప్పవలసి వస్తే, చేతికి వచ్చిన బంగారం లాంటి భవిష్యత్తును ఆటపిచ్చితో పాడు చేసుకున్నాడనే చెప్పేవారు. తరువాతి పదేళ్ళు చూసినా ఆ తీర్పే సరైనదనిపించేది.

ఆ పదేళ్ళు ఆయన ఒక చోట నిలవలేదు. కలకత్తాలో బర్మా షెల్ అనే చమురు కంపెనీలో ఉద్యోగం చేశారు. మోహన్ బగాన్ క్లబ్బు హాకీ జట్టును నడిపారు. ఆఫ్రికాలోని గోల్డ్ కోస్ట్‌కు, అంటే నేటి ఘనాకు వెళ్ళి అచిమోటా కళాశాలలో పాఠాలు చెప్పారు. తిరిగి వచ్చి రాయ్‌పూర్‌లో రాజకుమారులు చదివే కళాశాలలో పనిచేశారు. బికనీర్ సంస్థానంలో ఉన్నత పదవి నిర్వహించారు. పైకి చూస్తే గమ్యం లేని ప్రయాణం. కానీ దొరలు, వ్యాపారులు, రాజులు, నల్లజాతి విద్యార్థులు ఎలా ఆలోచిస్తారో, ఎవరితో ఎలా మాట్లాడాలో ఆ ప్రయాణంలోనే ఆయన నేర్చుకున్నారని మా అభిప్రాయం.

1939 జనవరిలో ఆయన రాంచీకి చేరారు. అక్కడి ఆదివాసీలు అంతకు ముందే ఆదివాసీ మహాసభ ఏర్పాటు చేసుకున్నారు. తమ భూములు పోతున్నాయి. తమ పిల్లలకు చదువు లేదు. తమ తరఫున మాట్లాడేవారు లేరు. వారు జైపాల్‌ను అధ్యక్షుడిగా కూర్చోబెట్టారు. పదిహేనేళ్ళప్పుడు ఊరు వదిలినవాడు ముప్ఫై ఆరేళ్ళప్పుడు తిరిగి వచ్చి జనం మధ్య నిలబడ్డాడు. వారు ఆయనను మరంగ్ గోమ్‌కే అని పిలుచుకున్నారు. అంటే మహానాయకుడని అర్థం.

1946లో ఆయన రాజ్యాంగ సభలో అడుగుపెట్టారు. ఆ ఏడాది డిసెంబరు 19న చేసిన ప్రసంగంలో తాను అడవి మనిషినని, ఆదివాసీనని ఏమాత్రం సంకోచం లేకుండా చెప్పుకున్నారు. తిట్టుగా వాడే మాటనే తన పరిచయంగా చేసుకున్నారు. ఆదివాసులకు ఎవరూ ప్రజాస్వామ్యం నేర్పనక్కరలేదని, వారి దగ్గరే మిగతావారు నేర్చుకోవాలని వాదించారు. సభలో మగవాళ్ళే మరీ ఎక్కువగా ఉన్నారని కూడా ఎత్తి చూపారు. ఆదివాసీ అన్న మాటే వాడాలని పట్టుబట్టారు. మద్యనిషేధం గురించి చర్చ వచ్చినప్పుడు బియ్యంతో కాచుకునే పానీయం తమ పూజల్లో, నాట్ల పనుల్లో భాగమని, ఆదివాసీల ఆచారాన్ని వారినడగకుండా తీసివేయడం న్యాయం కాదని నిలబడ్డారు. అక్కడ కూడా ఆయనది ఫుల్ బ్యాక్ స్థానమే. ఎదుటి పక్షం బలంగా ఉంది. వెనక ఉన్నది తన జనం. గోల్ పడకుండా చూడాలి.

మన రాష్ట్రాల ఏజెన్సీ మండలాల నుంచి వచ్చిన మిత్రులకు ఐదవ షెడ్యూలు అన్న మాట చిన్నప్పటి నుంచీ తెలుసు. గిరిజనులకు చట్టసభల్లో సీట్లు, ఉద్యోగాల్లో రిజర్వేషన్లు, చదువుకు సాయం అన్నవి రాజ్యాంగంలో చేరే నాటి చర్చల్లో ఆదివాసీల గొంతుగా కూర్చున్నవారిలో ముఖ్యుడు జైపాల్. బాబాసాహెబ్ అంబేడ్కర్ పటం మన హాస్టళ్ళలో ఉంది, ఉండాలి. అదే సభలో అడవి బిడ్డల కోసం మాట్లాడిన ఈ హాకీ కెప్టెన్ పేరు కూడా మన పిల్లలకు తెలియాలి.

ఆ తరువాత ఆయన జార్ఖండ్ పార్టీని స్థాపించారు. 1952 ఎన్నికల్లో ఆ పార్టీ బీహార్ శాసనసభలో 32 స్థానాలు గెలిచి ప్రధాన ప్రతిపక్షమైంది. ఆయన లోక్‌సభకు ఎన్నికై మరణించే వరకు సభ్యుడిగా ఉన్నారు. కానీ ప్రత్యేక రాష్ట్రం రాలేదు. పార్టీ బలం తగ్గింది. 1963లో ఆయన పార్టీని కాంగ్రెసులో విలీనం చేశారు. ఆయనను నమ్ముకున్నవారిలో చాలామంది దీన్ని జీర్ణించుకోలేకపోయారు. ఆట మధ్యలో మళ్ళీ మైదానం వదిలేశారని బాధపడ్డారు. 1970 మార్చి 20న ఢిల్లీలో ఆయన కన్నుమూశారు. ఆయన కోరిన జార్ఖండ్ రాష్ట్రం 2000 నవంబరు 15న, బిర్సా ముండా జయంతి నాడు ఏర్పడింది. దాన్ని చూడడానికి ఆయన లేరు.

ఆయన పుట్టిన ఖూంటీ నేల ఆటను మాత్రం మరిచిపోలేదు. అదే ప్రాంతపు ఆడబిడ్డ నిక్కీ ప్రధాన్ 2016లో రియో ఒలింపిక్స్‌లో భారత మహిళల జట్టు తరఫున హాకీ ఆడింది. గిరిజన విద్యార్థులు విదేశాల్లో పెద్ద చదువులు చదవడానికి జార్ఖండ్ ప్రభుత్వం 2021లో ఆయన పేరు మీద ఉపకార వేతనం ప్రారంభించింది. రాంచీలో హాకీ మైదానానికీ ఆయన పేరే ఉంది. ఆటకూ చదువుకూ కూడా ఒకే మనిషి పేరు పెట్టారు. మా వాదనకు ఇంతకన్నా సాక్ష్యం అక్కరలేదనిపిస్తోంది.

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా, ఉద్యోగాలు వదిలేసి ఆడమని మేము చెప్పడం లేదు. జైపాల్ చేతిలో ఆక్స్‌ఫర్డ్ పట్టా ఉంది. అందుకే ఐ.సి.ఎస్. వదిలినా పస్తులుండలేదు. ఆయన ఆడుతూనే చదివారు, చదువుతూనే ఆడారు. పుస్తకం మూసి కర్ర పట్టుకోమని ఎవరైనా అంటే నమ్మకండి. కర్ర పారేసి పుస్తకం పట్టుకోమన్నా నమ్మకండి. మీ ఎదుగుదలను పదహారేళ్ళకే తేల్చి చెప్పేవారిని అసలు నమ్మకండి. పాతికేళ్ళకు చెడిపోయాడనిపించిన మనిషి నలభై మూడేళ్ళకు రాజ్యాంగ సభలో నిలబడ్డాడు.

పూర్వ విద్యార్థులకు ఒక మాట. ఆ రోజు జైపాల్ అడిగింది కొద్ది వారాల సెలవు. ఇవ్వవలసిన కుర్చీలో ఉన్నవారు ఇవ్వలేదు. అలాంటి కుర్చీల్లో నేడు మనలో కొందరం కూర్చున్నాం. ఉపాధ్యాయులుగా, అధికారులుగా, తల్లిదండ్రులుగా సంతకం పెట్టే పెన్ను మన చేతిలో ఉంది. రేపు ఒక పిల్లవాడు ఆటకు సెలవు చీటీ పట్టుకుని మన ముందు నిలబడితే ముందు వాణ్ణి కూర్చోబెట్టి ఏమనుకుంటున్నావని అడుగుదాం. సెలవు ఇద్దాం. తిరిగి వచ్చాక తప్పిన పాఠాలు దగ్గర కూర్చుని చెబుదాం. ఈ వార్షికోత్సవం నాడు మనం చేయగలిగిన మంచి పని అదేనని మా నమ్మకం.