ఏడవ ఎడ్వర్డు

మన పెద్దల పెట్టెలలో ఒక్కొక్కప్పుడు పాత వెండిరూపాయి ఒకటి కనబడును. దానిపై గడ్డముతో, బట్టతలతో ఉన్న ప్రౌఢుని ముఖము ఉండును. ఆయనకు ముందరి విక్టోరియా రాణి రూపాయిమీదను, వెనుకటి అయిదవ జార్జి రూపాయిమీదను కిరీటము కలదు. 1903 మొదలు 1910 వరకు ముద్రించిన ఈ రూపాయిమీద మాత్రము లేదు. ఇది ఏడవ ఎడ్వర్డు రూపాయి. ఏ వేళకు ఏ టోపీ తగునో లోకమునకు నేర్పిన మనుష్యుడు మన నాణెముపై వట్టితలతో నిలిచిపోయెను.

ఆయన 1841 నవంబరు 9వ తేదీన లండనులోని బకింగుహాము రాజభవనమున జన్మించెను. విక్టోరియా రాణికిని, ఆమె భర్త ఆల్బర్టు ప్రభువునకును మొదటి కుమారుడు. ఇంటివారు బర్టీ అని పిలిచెడివారు. అయిదవ యేట, 1846లో, రాజకుటుంబము ఓడలో విహరించుచుండగా నావికుల దుస్తులవంటి చిన్న ఉడుపు కుట్టించి ఆ బాలునకు తొడిగిరి. వింటర్‌హాల్టరను చిత్రకారుడు ఆ వేషముతోనే అతని చిత్రమును వ్రాసెను. మరి కొన్నియేండ్లకు ఐరోపాలో ఎచ్చట చూచినను పిల్లలకు నావికవేషమే! ఆ చిన్న ఉడుపు గ్రీనిచ్‌లోని నావికా ప్రదర్శనశాలలో భద్రపరచబడినది.

బాలుడు ముద్దుగా కనబడెనే కాని, సుఖముగా పెరుగలేదు. కొడుకును దోషమెఱుగని రాజుగా తీర్పవలెనని తండ్రి సంకల్పము. దినమునకు ఆరేడు గంటలు, వారమునకు ఆరు దినములు పాఠములు. ఈడువారితో ఆటలు అరుదు. తనకు ఇష్టుడైన బర్చి అను ఉపాధ్యాయుడు 1852లో వెళ్లిపోయినపుడు బాలుడు మిక్కిలి దుఃఖించెను. ఆ తరువాత కోపము పట్టజాలక వస్తువులను విసరివైచుటయు కలదు. ఎడింబరో, ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి, మూడుచోట్ల చదివించినను పండితుడు కాలేదు. అయితే ఫ్రెంచి, జర్మను భాషలు ధారాళముగా మాట్లాడెడివాడు. ఒకసారి చూచిన ముఖమును మరచెడివాడు కాడు. ఇదియు ఒక విద్యయే. తల్లిదండ్రులు దానిని లెక్కకు తెచ్చుకొనలేదు.

1861లో కుమారుని నడతను మందలించుటకు తండ్రి కేంబ్రిడ్జి పోయివచ్చెను. పిదప మూడు వారములలోనే, డిసెంబరు 14వ తేదీన, మరణించెను. ఆ మరణమునకు కొడుకే కారణమని రాణి మనసున నాటుకొనెను. రాచకార్యము ఏదియు అతనికి అప్పగింపలేదు. ఏబదియేండ్లు వచ్చువరకు మంత్రివర్గపు పత్రములను సైతము క్రమముగా చూడనీయలేదు. పని లేని యువరాజు ఏమి చేయును? గుఱ్ఱపు పందెములు, వేట, విందులు, దుస్తులు. బాల్యమున తల్లి అతనికి వ్రాసిన జాబొకటి కలదు: దుస్తులు స్వల్పవిషయమే అయినను, జనులు లోపలి మనసును చూడలేరు కనుక పైవస్త్రమును బట్టియే మనిషిని ఎంచుదురని దాని సారము. ఆమె బోధించినవానిలో ఇదొక్కటి మాత్రము అతని తలకెక్కెను!

జర్మనీలోని హోంబర్గు పట్టణమునుండి అతడు తెచ్చుకొన్న టోపీకి ఆ ఊరిపేరే వచ్చినది. పంట్లామునకు ముందువైపున కాక ప్రక్కల మడత పెట్టించెను. నడుము లావై వాస్కోటు క్రింది బొత్తాము విడిచెననియు, దానిని చూచి తక్కినవారును విడిచిరనియు చెప్పుదురు. సన్నని నడుమువారికి ఆ అవసరమేమో! అతని భార్య అలెగ్జాండ్రా డెన్మార్కు రాజకుమారి; వివాహము 1863లో జరిగెను. ఆమె 1867లో కీళ్లజ్వరము వలన కుంటుచు నడువగా, లండను నాగరికస్త్రీలు కొందరు కాళ్లు బాగుగా ఉండియు కుంటుట నేర్చిరి.

ఇతరుల వేషమున తప్పును అతడు సహింపడు. ఒక ఉదయమున తనతో చిత్రప్రదర్శనమునకు రాబోవుచు పాన్సన్‌బీ అను ఉద్యోగి పొడవుకోటు వేసికొని రాగా, అట్టి సమయమున పట్టుటోపీతో పొట్టికోటే ధరింపవలెనని ఎఱుగనివారుందురా అని వింతపడెను.

1875లో సెరాపిస్ అను ఓడపై మన దేశమునకు బయలుదేరెను. ఎండకు తాళలేక కాబోలు, ఆ ఓడలో రాత్రివిందునకు తోకకోటు మాని పొట్టి నీలికోటు అనుమతించెను. నవంబరులో బొంబాయి చేరి, డిసెంబరులో చెన్నపట్టణమునకు వచ్చెను. తెలుగు జిల్లాలు పెక్కింటికి ఆనాడు అదియే రాజధాని. ఈ ప్రయాణమున అతడు కోట్లను మాత్రమే చూడలేదు. ఆంగ్లోద్యోగులు ఈ దేశస్థులను మొరటుగా చూచుట కనిపెట్టి, రంగు, మతము వేరైనంతమాత్రమున మనిషిని పశువుగా చూడరాదని స్వదేశమునకు జాబులు వ్రాసెను. అధికారము లేనివాని జాబునకు బలమెంత? అయినను చూచిన కన్ను మంచిదే.

1901 జనవరి 22వ తేదీన తల్లి మరణించగా, ఏబదితొమ్మిదేండ్ల వయసున రాజయ్యెను. 1902 జూను 26వ తేదీకి పట్టాభిషేకము నిర్ణయింపగా, రెండు దినముల ముందు కడుపులో శస్త్రచికిత్స చేయవలసి వచ్చెను. ఆగస్టు 9వ తేదీన కిరీటధారణము జరిగెను. 1903లో పారిసునకు పోయినపుడు మొదట ముఖము చిట్లించిన జనులే కొలది దినములలో జయధ్వానము చేసిరి. మరుసటి యేడు ఇంగ్లండు, ఫ్రాన్సులకు ఒడంబడిక కుదిరినది. అది మంత్రుల కృషియే. కాని దారి మెత్తబడుటకు ఆయన మర్యాద తోడ్పడినది.

రాజ్యము తొమ్మిదేండ్లే. 1910 మే నెలలో ఊపిరి ఆడక బాధపడుచును మంచమెక్కక, వచ్చినవారిని చూచుచుండెను. 6వ తేదీ సాయంకాలము తన గుఱ్ఱము పందెము గెలిచెనని కుమారుడు చెప్పగా సంతోషించి, ఆ రాత్రియే కన్నుమూసెను. అంత్యయాత్రకు తొమ్మండుగురు రాజులు వచ్చిరి. శవపేటిక వెనుక, ఆ రాజులకు ముందుగా, ఆయన పెంచిన సీజరను కుక్క నడచెను.