అమృతా షేర్‌గిల్

భారతదేశపు నవీన చిత్రకళకు దారి చూపినవారిలో అమృతా షేర్‌గిల్ ముఖ్యురాలు. ఈమె 1913వ సంవత్సరము జనవరి 30వ తేదీన హంగరీ దేశపు బుడాపెస్టు నగరమున జన్మించెను. తండ్రి ఉమరావు సింగు పంజాబు సిక్కు ప్రభువు, సంస్కృత పారసీకములు నేర్చిన పండితుడు. తల్లి హంగరీ వనిత, గాయని.

పదునాఱవ యేట పారిసునకేగి చిత్రలేఖనము నభ్యసించెను. అచ్చట 1932లో లిఖించిన ‘యువతులు’ అను పటమునకు మఱుసటి యేడు స్వర్ణపతకము లభించెను. ఇట్టి గౌరవము పొందినవారు ఆ నగరమును విడువరు. ఆమె విడిచి, 1934లో భారతదేశమునకు మఱలి వచ్చెను.

1935లో రచించిన ‘ముగ్గురు కన్యలు’ అను పటమును విద్యార్థులు ముద్రితప్రతియందైనను చూడవలెను. ముగ్గురు పిల్లలు కూర్చుండియున్నారు. వెనుక నిల్లు లేదు, చెట్టు లేదు. చూపులు క్రిందికి వాలినవి, ఒకరినొకరు చూచుకొనరు. తమ బ్రతుకును గూర్చి తమ్మెవ్వరు నడుగరని యెఱిగినట్లుందురు. కఱవు దినములలో బావియొద్ద వంతుకై కడవలతో కూర్చుండు మన తనకల్లు స్త్రీల మొగములలో నీ మౌనమును చూడవచ్చును. రవివర్మ పటములందలి నగల మెఱుగులకు అలవాటుపడిన కన్నులకు ఇది మొదట రుచింపదు.

1936వ సంవత్సరాంతమున ఆమె దక్షిణదేశయాత్రకు బయలుదేరి అజంతా గుహలను దర్శించెను. మన లేపాక్షి వీరభద్రాలయపు కప్పుమీది చిత్రములను తలయెత్తి చూచినవారు ఆమె యానందమును కొంత యూహింపగలరు. పిమ్మట హైదరాబాదున తన పటములను ప్రదర్శించెను. అపారధనము వెచ్చించి పాశ్చాత్య కళావస్తువులను కూర్చిన నవాబు సాలార్‌జంగు రెండు పటములను తెప్పించుకొని, కొనక తిప్పి పంపెను. ఆయన సేకరణను గూర్చి ఆమె మెప్పుమాట పలుకలేదు. పలికియున్నచో పటములు అమ్ముడుపోయెడివేమో! డబ్బు అవసరము ఆమెకు లేకపోలేదు; ఐనను అట్టి మాట ఆమె నోట రాలేదు.

కొచ్చి రాజ్యమున మట్టంచేరి కోటలోని కుడ్యచిత్రములను చూచి, సిమ్లాకు తిరిగివచ్చి, 1937లో ‘పెండ్లికూతురి యలంకరణ’ను లిఖించెను. అందును నడుమ కూర్చుండిన వధువు కన్నులలో ఉత్సాహము కానరాదు. ఆ యేడే ‘ముగ్గురు కన్యల’కు బొంబాయి కళాసమితి స్వర్ణపతక మొసగెను.

1938లో బంధువగు వైద్యుడు విక్టర్ ఈగన్‌ను వివాహమాడెను. 1941 డిసెంబరు 5వ తేదీన, లాహోరున ప్రదర్శన కొలదిదినములలో జరుగనుండగా, ఇరువది యెనిమిదవ యేట ఆమె మరణించెను. పటములలో పెక్కు ఢిల్లీలోని జాతీయ నవీన కళాశాలకు చేరినవి. 1937లో ఆమె లిఖించిన ‘కథకురాలు’ అను పటము 2023లో వేలమున 61 కోట్ల 80 లక్షల రూపాయలకు అమ్ముడుపోయెను.