లండన్‌లో మనవాడి కాఫీహౌస్

ఈ మధ్య మా నెల్లూరులో ఆడవాళ్ళు నలుగురు కూడితే ఓ మాట తప్పకుండా వస్తోంది. చిన్న కాఫీ కొట్టు పెడితే ఎలా ఉంటుందని. పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, చేతిలో కాస్త తీరిక ఉంది, చిక్కటి డికాక్షన్ తీయడం మనకొకరు నేర్పాలా అంటారు. అలా అన్నవాళ్ళకు నేనొక పెద్దమనిషి కథ చెబుతుంటాను. పేరు దీన్ మహమ్మద్. రెండు వందల ఏళ్ళ కిందట లండన్‌లో కాఫీహౌస్ తెరిచిన మన దేశస్థుడు.

ఆయన 1759లో పాట్నాలో పుట్టాడు. తండ్రి ఈస్టిండియా కంపెనీ వారి బెంగాల్ సైన్యంలో పనిచేస్తూ, పిల్లవాడికి పదేళ్ళ వయసప్పుడు పోరాటంలో చనిపోయాడు. ఆ తర్వాత ఈ పిల్లవాడు బేకర్ అనే ఐరిష్ కుర్ర అధికారి వెంటపడ్డాడు. తల్లికి పంపడం ఇష్టం లేకపోయినా దండుతోనే వెళ్ళిపోయాడు. సుబేదారు దాకా ఎదిగాడు. బేకర్ ఉద్యోగం మానుకుంటే తనూ మానుకుని, ఓడెక్కి 1784లో ఐర్లండులోని కార్క్ పట్టణం చేరాడు.

అక్కడ ఇంగ్లీషు బాగా నేర్చుకున్నాడు. జేన్ డేలీ అనే అమ్మాయిని ఇష్టపడి, 1786లో ఇద్దరూ ఇల్లు దాటి వెళ్ళి పెళ్ళి చేసుకున్నారు. పరాయి దేశం, పరాయి రంగు, కొత్త మతం. ఆ రోజుల్లో ఆ అమ్మాయికి ఎంత ధైర్యం ఉండాలో మీరే ఊహించండి. 1794లో ఆయన తన ప్రయాణాల గురించి పుస్తకం అచ్చేశాడు. ఇంగ్లీషులో పుస్తకం రాసి వేసిన మొదటి భారతీయుడు ఆయనే. ఆ పుస్తకానికి అచ్చు ఖర్చు ఎలా కూడిందనుకున్నారు? వందలాదిమంది దగ్గర ముందే చందాలు కట్టించుకున్నాడు. కొనేవాళ్ళు ఉన్నారని తేలాకే అచ్చుకిచ్చాడు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ అవసరమవుతుంది.

1807 ప్రాంతంలో సంసారాన్ని లండన్‌కు మార్చాడు. బేసిల్ కాక్రేన్ అనే ధనికుడి దగ్గర పని దొరికింది. ఈ కాక్రేన్ మనకు మరీ కొత్తవాడు కాదు. మద్రాసులో కంపెనీ ఉద్యోగం చేసి, నౌకాదళానికి సరుకులు సరఫరా చేసి లక్షలు గడించినవాడు. మన తీరం వెంబడి సాగే బకింగ్‌హాం కాలువ ఉంది చూశారా, మద్రాసు నుంచి ఎన్నూరు దాకా దాని మొదటి భాగాన్ని అప్పట్లో కాక్రేన్ కాలువ అనేవారు. ఆ కాక్రేన్ లండన్‌లో పోర్ట్‌మన్ స్క్వేర్‌లో ఆవిరి స్నానాల శాల పెట్టాడు. అక్కడ దీన్ మహమ్మద్ మన తలంటు, ఒళ్ళుపట్టడంలాంటి చంపీని చేర్చాడు. ఇంగ్లీషు వాళ్ళ షాంపూ అనే మాట ఈ చంపీ నుంచి వచ్చిందే.

1810లో ఆ దగ్గరలోనే, జార్జ్ స్ట్రీట్‌లో హిందూస్తానీ కాఫీహౌస్ తెరిచాడు. లండన్‌కు కాఫీహౌసులు కొత్తకాదు. మొదటిది 1652లోనే వచ్చింది. అయితే భారతీయుడు నడిపింది మాత్రం ఇదే మొదలు. పేరుకు కాఫీహౌసే గానీ అసలు ఆకర్షణ మన వంటలు. వెదురు కుర్చీలు వేయించాడు, గోడలకు మన దేశపు దృశ్యాల బొమ్మలు తగిలించాడు, హుక్కా పీల్చుకోవడానికి వేరే గది కట్టబెట్టాడు. ఇండియాలో ఉద్యోగాలు చేసి తిరిగివెళ్ళిన దొరలు ఆ పేటలోనే కాపురం ఉండేవారు. వాళ్ళకు మన కూరల మీద మనసు పీకుతూ ఉంటుంది కదా, వరసగా వస్తారని ఆయన లెక్క.

లెక్క వినడానికి బాగానే ఉంది. వంట బాగుందని తిన్నవాళ్ళు మెచ్చుకున్నారు కూడా. అయినా రెండేళ్ళు తిరగకుండానే, 1812లో దివాలా తీశాడు.

ఎందుకలా జరిగింది? నేను చదివినంతలో మూడు కారణాలు కనిపిస్తాయి. ఆయన నమ్ముకున్న దొరల ఇళ్ళలో చాలామటుకు ఇండియా నుంచి తెచ్చుకున్న వంటవాళ్ళే ఉన్నారు. ఇంట్లో దొరికేదానికి బజారుకు ఎవరొస్తారు? రెండోది, ఇండియా వ్యాపారులు రోజూ కలుసుకునే జెరూసలేం కాఫీహౌస్ నగరం నడిబొడ్డున ఉండేది. ఈయనది దానికి దూరం. మూడోది, మొదటి ఇల్లు ఇంకా పెట్టుబడి రాబట్టకముందే పక్కిల్లు కూడా కలుపుకున్నాడు. బాడుగ పెరిగింది, గల్లాపెట్టె మాత్రం నిండలేదు. పుస్తకం అచ్చువేసేటప్పుడు చూపిన జాగ్రత్త కాఫీహౌస్ దగ్గర ఎందుకు తప్పిందా అని నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. విచిత్రం ఏమిటంటే ఆ కాఫీహౌస్ వేరేవాళ్ళ చేతుల్లో 1833 దాకా నడిచింది. అంటే బేరం లేని చోటు కాదది. అది నిలదొక్కుకునేదాకా ఆగడానికి ఆయన చేతిలో డబ్బు లేకపోయింది.

అప్పటికి ఆయనకు యాభై మూడేళ్ళు. ఇంటినిండా పిల్లలు. నిన్నటిదాకా యజమాని, ఇవాళ పెద్దిళ్ళలో నౌకరీ కావాలని పత్రికలో ప్రకటన వేసుకోవలసి వచ్చింది. మనలో ఎంతమంది అలా తల దించుకుని మళ్ళీ మొదలుపెట్టగలం?

1814లో భార్యాభర్తలు సముద్రతీరంలోని బ్రైటన్ పట్టణం చేరారు. మనం సెలవులకు మైపాడు వెళ్ళినట్టు లండన్ వాళ్ళు బ్రైటన్ వెళతారు. ఈసారి ఆయన కాఫీ జోలికి పోలేదు. చేతిలో ఉన్న పని చంపీ. మూలికల ఆవిరి పట్టి ఒళ్ళు మర్దనా చేసేవాడు. నడవలేక వచ్చి నడిచివెళ్ళినవాళ్ళు వదిలేసిన చేతికర్రలను అక్కడే అందరికీ కనిపించేలా వేలాడదీశాడు. అంతకంటే మంచి ప్రకటన ఏముంటుంది? ఆడవాళ్ళ విభాగమంతా జేన్ చూసుకునేది. 1820ల మొదట్లో సముద్రానికి ఎదురుగా పెద్ద స్నానశాలలోకి మారారు. నాలుగో జార్జి, ఆ తర్వాత నాలుగో విలియం, ఇద్దరు రాజులకు చంపీ చేసే నిపుణుడిగా దీన్ మహమ్మద్ పేరు మారుమోగింది.

ఇక్కడితో కథ సుఖాంతమైందనుకోకండి. ఆ భవనానికి డబ్బు పెట్టింది వేరొక భాగస్వామి. 1841లో ఆయన పోగానే భవనం వేలానికి వచ్చింది. పేరు దీన్ మహమ్మద్‌దే, గోడలు మాత్రం ఆయనవి కావు. ఎనభై రెండేళ్ళ వయసులో చిన్న ఇంట్లోకి మారి, అక్కడే ఆ పని కొనసాగించాడు. 1850 డిసెంబరులో జేన్ పోయింది. 1851 ఫిబ్రవరి 24న ఆయన కన్నుమూశాడు. వాళ్ళ మనవడు ఫ్రెడరిక్ అక్బర్ మహమ్మద్ రక్తపోటు మీద పరిశోధనలు చేసి పేరున్న డాక్టరయ్యాడు.

కొట్టు పెట్టాలనుకునేవాళ్ళకు నేను వద్దని చెప్పను. మూడు మాటలు మాత్రం అడుగుతాను. మీరు అమ్మేది ఆ వీధివాళ్ళకు ఇంట్లోనే దొరుకుతోందా? బేరం అంతంతమాత్రంగా ఉన్నా ఆరు నెలల బాడుగ కట్టగలరా? ఒప్పందం కాగితం మీద ఎవరి పేరుంది? మొదటి గది సంపాదించి పెట్టేదాకా రెండో గది జోలికి పోవద్దని కూడా చెబుతాను.

2005లో లండన్ జార్జ్ స్ట్రీట్‌లో ఆ కాఫీహౌస్ గుర్తుగా ఆకుపచ్చ ఫలకం పెట్టారు. దాని మీద దీన్ మహమ్మద్ పేరుంది. దివాలా తీసిన రోజున పక్కన నిలబడి, బ్రైటన్‌లో సగం పని భుజాన వేసుకున్న జేన్ పేరు కూడా ఉంటే బాగుండేదని నాకనిపిస్తుంది.