సవర పిల్లల పంతులుగారు



మొన్న సీతమ్మధారలో బంధువుల యింటికి వెళ్లినప్పుడు, ప్రక్క బడిలో ఒక పిల్లవాని బెంచీమీద నిలువబెట్టియుండుట చూచితిని. ఇంగ్లీషునకు బదులు ఇంటిమాట ఆడినందుకట. వాడు తల ఎత్తలేదు. ఆ దినమంతయు గిడుగు వెంకట రామమూర్తిగారే నాకు జ్ఞాపకము వచ్చుచుండిరి.

ఆయన 1863లో శ్రీకాకుళము ప్రాంతమందలి పర్వతాలపేటలో జన్మించిరి. చిన్నతనముననే తండ్రి చనిపోయెను. విశాఖపట్టణములో చదువుకొని, 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో 30 రూపాయల జీతముపై ఉపాధ్యాయులైరి. ఆ ఊరి చుట్టునున్న కొండలలో సవరలు నివసించుచుండిరి. తెలియని భాషలో పాఠము చెప్పినయెడల ఏ పిల్లవాడైనను మూగవాడగును గదా. అందుచేత ఆయన మొదట తామే శిష్యులైరి. తెలుగు వచ్చిన ఒక సవరను ఇంట పెట్టుకొని ఆ భాష నేర్చిరి. దానికి అప్పటికి లిపి లేదు, బడిపుస్తకము లేదు. ఆయనే పుస్తకములు వ్రాసి, స్వంత ధనముతో బడులు పెట్టి, అందలి పంతుళ్లకు జీతములిచ్చిరి. ప్రభుత్వమువారు ఆ పుస్తకములకు పారితోషికమియ్యబోగా, ఆ సొమ్ముతో సవరలకు ఒక బడి నడుపుడని కోరిరి.

మన్యములో తిరుగుటవలన ఆయనకు మలేరియా జ్వరము పట్టెను. క్వయినా మందు మిక్కుటముగా వాడగా చెవుడు వచ్చి, మరణమువరకు విడువలేదు. పిల్లల మాట వినుటకు కొండలెక్కినవారి చెవులే పోయెను! అయినను పని మానలేదు. 1931లో సవర వ్యాకరణము, 1938లో సవర నిఘంటువు అచ్చయ్యెను.

తెలుగు పిల్లల పాట్లును ఇంచుమించు అట్టివే. ఇంట ఎవరును ఆడని గ్రాంథికమే వారికి పాఠమాయెను. 1907 ప్రాంతమున యేట్సు దొర అను పాఠశాలల తనిఖీ అధికారి దీనినిగూర్చి ప్రశ్నింపగా, గిడుగువారును, విజయనగరపు గురజాడ అప్పారావుగారును, విశాఖపట్టణపు ఏ.వి.యన్. కాలేజీ ప్రిన్సిపాలు శ్రీనివాస అయ్యంగారును వాడుకభాష పక్షమున నిలిచిరి. పండితులు తీవ్రముగా ఎదిరించిరి. ఆయన ఊరూర సభలలో వాదించి, 1919లో తెలుగు అను పత్రికయు స్థాపించిరి. (ఈ పుటలలో నేనును పుస్తకభాషనే వ్రాయుచున్నాను. ఆయన చదివినయెడల నాకు చీవాట్లు తప్పవు.) పెంతెకొస్తు దినమున ప్రతివాడును తన స్వభాషలోనే వినెనని మనము ఏటేట చదువుకొందుము. ఆ అధ్యాయము ఇటుపైని నాకు ఆయనను తలపించును.

1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో కలియగా, అర్ధశతాబ్దము మించి నివసించిన ఆ ఊరు విడిచి ఆయన రాజమహేంద్రవరము చేరిరి. 1940 జనవరి 22న కన్నుమూసిరి.

ఆ బెంచీ ఎక్కిన పిల్లవాని పేరైనను నేను అడుగక వచ్చితిని.