తిరిగి ఇయ్యబడిన దినములు

ధ్యాన భాగములు: యెషయా 38, 39 అధ్యాయములు, సామెతలు 16:32

యూదా రాజైన హిజ్కియా వ్యాధితో మంచము పట్టినప్పుడు, ఇంటి సంగతులు సర్దుకొనవలసిన గడియ వచ్చినదని ప్రవక్త తెలియజేసెను. రాజు గోడవైపు తిరిగి కన్నీటితో ప్రార్థింపగా, అతనికి మరి 15 సంవత్సరముల ఆయుష్షు దొరకెను. అట్లు దొరకిన దినములను మనుష్యుడు ఏమి చేయవలెను? ఈ ప్రశ్నను మనస్సున నుంచుకొని, అమెరికా దేశపు 34వ అధ్యక్షుడైన డ్వైట్ ఐసెన్‌హోవర్ జీవితమును ఈ మాసము ధ్యానింతము.

ఆయన 1890 అక్టోబరు 14న టెక్సాసు రాష్ట్రములో జన్మించి, కాన్సాసులోని ఆబిలీన్ అను చిన్న పట్టణమున పెరిగెను. ఆస్తిలేని కుటుంబమైనను ఆ యింట బైబిలు పఠనము తప్పలేదు. పదియేండ్ల ప్రాయమున, ఒక పండుగ రాత్రి అన్నలతో బయటికి పోవుటకు తలిదండ్రులు సెలవియ్యనందున, ఆ బాలుడు ఆగ్రహము పట్టలేక పెరటిలోని ఆపిలు చెట్టును పిడికిళ్లతో రక్తము కారువరకు గుద్దెను. తల్లి గాయములకు కట్టుకట్టుచు, పురమును జయించినవానికన్న తన కోపమును జయించినవాడే గొప్పవాడను సామెతల గ్రంథపు బోధను జ్ఞాపకము చేసెను. వృద్ధాప్యమున ఆయన ఈ సంగతిని వ్రాసికొని, తన జీవితములో అమూల్యమైన ఘడియలలో అదియొకటి యని యెంచెను.

ఆ బాలుడే 1944 జూన్ 6న నార్మండీ తీరమున దిగిన మహాసైన్యములకు అధిపతి యాయెను. 1953లో అధ్యక్షుడై, ఆ ఫిబ్రవరి 1న ప్రెస్బిటేరియన్ సంఘములో బాప్తిస్మము పొందెను. పురములు జయించెను గాని, కోపముతో పోరాటము మాత్రము ముగియలేదు.

1955 సెప్టెంబరు 23న ఆయన డెన్వర్ నగరమున సెలవులలో నుండెను. గాల్ఫ్ ఆడుచుండగా విదేశాంగ మంత్రి నుండి ఫోను అని మాటిమాటికి పిలుపు వచ్చుటచే ఆయనకు మిక్కిలి చిరాకు కలిగెను. ఆ రాత్రి సుమారు రెండు గంటలకు రొమ్ములో తీవ్రమైన నొప్పితో మేల్కొనెను. భార్య మేమీ వెంటనే వైద్యుని పిలిపించెను. తెల్లవారిన పిదప అజీర్ణమని పత్రికలవారికి చెప్పిరి. మధ్యాహ్నము చేసిన గుండె పరీక్షలో గుండెపోటని తేటపడగా సైనిక ఆసుపత్రికి తీసికొనిపోయిరి. కోపమొక్కటే దీనికి కారణమని మేము చెప్పము. 1949లో మానువరకు ఆయన దినమునకు సుమారు నాలుగు పెట్టెల సిగరెట్లు కాల్చెడివాడు. ఒక మాట మాత్రము చెప్పుదుము: ఇట్టి నొప్పిని అజీర్ణమనుకొని ఉపేక్షింపరాదు, ఎంత త్వరగా ఆసుపత్రి చేరిన అంత మేలు.

సోమవారమున న్యూయార్కు వాటాల బజారు ఒక్క దినములోనే 6 శాతమునకు మించి పడిపోయెను. బోస్టన్ నుండి వచ్చిన గుండె వైద్యుడు పాల్ డడ్లీ వైట్ వ్యాధి సంగతి దాచక ప్రజలకు విడమరచి చెప్పెను. గుండెపోటు వచ్చినవాని బ్రదుకు ముగిసినదని అనేకులు తలంచు కాలమది. క్రమక్రమముగా నడచి, పనిచేసి, మరల బ్రదుకవచ్చునని ఆ వైద్యుడు బోధించెను. 65వ జన్మదినము ఆసుపత్రిలోనే గడచెను. ఇంచుమించు 7 వారములకు, నవంబరు 11న, ఐసెన్‌హోవర్ బయటికి వచ్చెను.

చిరాకును, ఆందోళనను, అన్నిటికన్న కోపమును విడువవలెనని వైద్యులు ఆజ్ఞాపించిరి. దేశాధ్యక్షునికి అది సాధ్యమా యని ఆయన వారినే ప్రశ్నించెను. కోపము పూర్తిగా చల్లారెనని చెప్పలేము. అయినను, తన బలమునకు మేర యున్నదని ఒప్పుకొనెను. 1956 ఫిబ్రవరి 29న రెండవసారి పోటీచేయుదునని ప్రకటించినప్పుడు, ప్రయాణములను, వేడుకలను తగ్గించుకొందునని ప్రజలతో దాచక చెప్పెను. 1957 నవంబరులో స్వల్పముగా పక్షవాతము తగిలిన పిదప, తాను అశక్తుడైనచో ఉపాధ్యక్షుడు బాధ్యత వహించునట్లు ఏర్పాటు వ్రాయించి, 1958లో దానిని వెల్లడిచేసెను. ఇట్టి ఏర్పాటు 1967లో ఆ దేశపు రాజ్యాంగములోనే చేరెను.

హిజ్కియా తనకు దొరకిన కాలములో బబులోను దూతలకు తన ధనాగారమును చూపి అతిశయపడెను. సంతానమునకు రాబోవు కీడు విన్నప్పుడు, తన దినములలో సమాధానముండిన చాలునని తృప్తిచెందెను. ఐసెన్‌హోవర్ 1961 జనవరి 17న పదవి విడుచుచు, ఆయుధబలము, ఆయుధవ్యాపారము మితిమీరరాదనియు, నేటి సుఖముకొరకు మనుమల ఆస్తిని తాకట్టు పెట్టరాదనియు హెచ్చరించెను. మూడేండ్ల ప్రాయమున 1921లో మరణించిన తన జ్యేష్ఠపుత్రుని అవశేషములను 1966లో ఆబిలీనుకు తెప్పించి, తన సమాధిస్థలమున ఉంచెను. మరల అనేక గుండెపోట్ల పిదప 1969 మార్చి 28న కన్నుమూసి, ఆ కుమారుని ప్రక్కనే పరుండెను. మొదటి పోటు తరువాత ఆయనకు 13 సంవత్సరములకు పైగా దొరకినవి.

ప్రియ చదువరులారా, మన సంఘములలోను ఆసుపత్రి గుమ్మము నుండి తిరిగి వచ్చినవారు కలరు. కొందరు గుండె కొట్టుకొనిన ప్రతిసారి భయపడుదురు. కొందరు నెల తిరుగకముందే అంతయు మరచిపోవుదురు. ఈ రెండును వలదు. మందులు వేళకు పుచ్చుకొందము. తీర్చవలసిన బాకీ తీర్తము. మాటలాడని సహోదరునితో నేడే మాటలాడుదము. మన తరువాతివారికి దారి చదునుచేయుదము. గుండెపోటు రానివారికిని ఈ దినము అరువుగా వచ్చినదే కదా!