బందరులో ఇద్దరు పిల్లల బడి



దుమ్ముగూడెం, చర్ల అడవి అంచున ఉన్న మన సంఘాల్లో సముద్రం చూడనివారు ఇంకా ఉన్నారు. అందుకే ఈ మధ్య కొందరం కలిసి బందరు వెళ్లాం. గిలకలదిండి రేవులో పడవలనూ, వలలు బాగుచేసుకునే మత్స్యకారులనూ చూస్తే గలిలయ తీరం గుర్తుకొచ్చింది. తర్వాత ఊరిలోని నోబుల్ కళాశాల ముందు నిలబడి, ఆ పేరుగల దైవసేవకుని జీవితాన్ని తలచుకున్నాం.

రాబర్ట్ టర్లింగ్టన్ నోబుల్ 1809లో ఇంగ్లండులో ఒక పాదిరిగారి ఇంట పుట్టారు. కేంబ్రిడ్జిలో చదివారు. 1841లో చర్చి మిషనరీ సొసైటీ పక్షాన హెన్రీ ఫాక్స్‌తో కలిసి మచిలీపట్నం వచ్చారు. ఫాక్స్ ఊరూరా సువార్త చెప్పారు. నోబుల్ బడిని ఎంచుకున్నారు. 1843 నవంబరులో తలుపులు తెరిస్తే వచ్చింది ఇద్దరు పిల్లలే. ఆయన పెళ్లి చేసుకోలేదు. మళ్లీ స్వదేశం ముఖం చూడలేదు.

1852లో పెద్ద కులాల విద్యార్థులు ఇద్దరు బాప్తిస్మం పొందారు. ఊరు అట్టుడికింది, బడి ఖాళీ అయింది. ఆయన ఓపికగా మళ్లీ మొదలుపెట్టారు. 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెన ఆ తీరంలో సుమారు 30 వేల మందిని మింగింది. ఆ విషాదం చూసిన మరుసటి ఏడే, 1865 అక్టోబరులో, ఆయన బందరులోనే ప్రభువునందు నిద్రించారు.

అయితే ఒక మాట దాచలేం. అట్టడుగు కులాల పిల్లలకు ఆ బడిలో చోటు లేదు. పెద్ద కులాలవారు మారితే మిగిలినవారూ వస్తారని ఆయన నమ్మకం. దేవుడు మరో దారి చూపించాడు. నోబుల్ బతికుండగానే, 1859లో, రాఘవాపురంలో మాలపల్లె పెద్ద పగోలు వెంకయ్య అదే మిషను ద్వారా బాప్తిస్మం పొందారు. ఆయన వెంట పల్లెలు కదిలాయి. 1860 ప్రాంతంలో గోదావరి పనులు చూస్తున్న ఇంజనీరు కెప్టెన్ హేగ్ చొరవతో దుమ్ముగూడెంలో కోయల మధ్య సేవ మొదలైంది. బడి గడప ఎక్కలేనివారి ఇళ్లకే సువార్త నడిచివచ్చింది.

నోబుల్‌గారి త్యాగానికి మేము తలవంచుతున్నాం. ఆయన పట్టుదల మనకు కావాలి. ఆయన మూసి ఉంచిన తలుపు మాత్రం మనకు హెచ్చరిక. మన గుడిలో వెనక వరుసలో కూర్చునేది ఎవరు? గూడెం నుంచి వచ్చిన కోయ బిడ్డకు మన ఆదివారపు బడిలో చాప పరుస్తున్నామా? వచ్చే ఆదివారం ఆరాధనకు ముందు ప్రతి సంఘం తనను తాను ఈ ప్రశ్న వేసుకోవాలని మా విన్నపం.